చర్చికి బైలా రాయమన్నారు: ఇంతకీ స్థలం ఎవరి పేరు మీద ఉంది?

ఈరోజు ఫోన్ రివ్యూ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ లేవు. కొత్తగా పెట్టిన ఒక చర్చికి బైలా ఎలా రాయాలి, అందులో ఏం మర్చిపోతే ఏమవుతుంది అనేది టాపిక్. "నేను చర్చికి పోను, నాకెందుకు" అనేవాళ్ళు కూడా కాసేపు ఉండండి. మీ ఊరి యూత్ అసోసియేషన్‌కో, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కో ఇందులో సగం పనికొస్తుంది.

ఇది నాకెలా తగులుకుందో ముందు చెప్తా. మాది సత్యవేడు. తెలియనివాళ్ళ కోసం, తిరుపతి జిల్లాలో తమిళనాడు బార్డర్ మీద ఉండే ఊరు. 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లానే. శ్రీసిటీ పేరు వినుంటారు కదా, అది మా పక్కనే. అక్కడికి పనికొచ్చి ఇక్కడ అద్దెకుండేవాళ్ళు, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు కలిసి నాలుగేళ్ళ కింద ఒక రేకుల షెడ్డులో ప్రార్థన మొదలుపెట్టారు. ఇప్పుడు అరవై కుటుంబాల దాకా వస్తున్నాయి. మా అమ్మ వెళ్తుంది. నేను పండక్కి పోతా, బిర్యానీ టైముకి కరెక్టుగా పోతా.

మొన్న వీకెండ్ ఊరికెళ్తే సంఘ పెద్ద ఒకాయన ఇంటికొచ్చాడు. "నైనా, నువ్వు ఇంజినీరు గదా, కంప్యూటర్‌లో ఆ బైలా ఏందో రాసిపెట్టు, రిజిస్టర్ చేయించుకోవాల" అన్నాడు. బీటెక్ చదివినోడికి ఫ్యాన్ రిపేరు దగ్గర్నుంచి బైలా దాకా అన్నీ వచ్చని మనవాళ్ళ నమ్మకం. నేనేం చేశానంటే, నిజం చెప్పేస్తా, నెట్‌లో చర్చి కాన్‌స్టిట్యూషన్ టెంప్లేట్ ఒకటి డౌన్‌లోడ్ చేసి తెలుగులోకి మార్చా. అది అమెరికాది. ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి టెక్సాస్ ఉన్నచోటల్లా ఆంధ్రప్రదేశ్ పెట్టా. ఆదివారం ఆరాధన అయ్యాక మైకులో చదువుతుంటే మధ్యలో ఒక చోట "హ్యూస్టన్" మిగిలిపోయింది. వెనక బెంచీ నుంచి ఒక పెద్దమ్మ, "అబ్బయ్యా, ఆ హ్యూస్టన్ యాడుంది, తడ దగ్గరా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వా. కానీ ఆ తర్వాత ఆమె అడిగిన రెండో ప్రశ్నకి మాత్రం ఎవరూ నవ్వలేదు. "అవన్నీ సరే గానీ, మనం కొన్న స్థలం ఇప్పుడు ఎవురిది?"

నా దగ్గరున్న పద్నాలుగు పేజీల్లో దానికి జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని మొత్తం డిలీట్ చేసి, మన చట్టాలు చదవడం మొదలుపెట్టా.

ఒక విషయం ముందే క్లియర్ చేసుకుందాం. మన రాష్ట్రంలో గుళ్ళకి దేవాదాయ చట్టం ఉంది, 1987ది. మసీదు ఆస్తులకి వక్ఫ్ చట్టం ఉంది. చర్చిని ఇలా నడపాలి అని చెప్పే ప్రత్యేక చట్టం మాత్రం లేదు. రాజ్యాంగంలో 26వ ఆర్టికల్ ప్రతి మత శాఖకీ తన వ్యవహారాలు తానే చూసుకునే హక్కు, ఆస్తి పెట్టుకునే హక్కు ఇచ్చింది. హక్కు ఇచ్చింది సరే, ఎలా చూసుకోవాలో రాసుకోవాల్సింది మీరే. అందుకే రేపు గొడవొస్తే జడ్జిగారు మొదట అడిగేది మీ కాగితం. అందులో ఏం రాసుకున్నారో అదే దాదాపు మీ చట్టం.

ఇది మనకి కొత్త పనేం కాదు. సత్యవేడుకి పక్కనే ఉన్న సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు 1865లో జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్ళు వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు శత్రుదేశం వాళ్ళు అయిపోయారు కాబట్టి వాళ్ళు ఇక్కడ ఉండలేకపోయారు, ఆ పని అమెరికా లూథరన్ల చేతికి వెళ్ళింది. 1945లో గానీ అది సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చిగా, తిరుపతి కేంద్రంగా, సొంత కాళ్ళ మీద నిలబడలేదు. గుంటూరు వైపు ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అంతకుముందే, 1927లో ఏర్పడింది. అక్కడ ఫాదర్ హేయర్ అడుగుపెట్టింది 1842లో. అంటే మిషనరీ రావడానికీ, మనవాళ్ళు మన చర్చి అని కాగితం మీద రాసుకోవడానికీ మధ్య ఒక చోట ఎనభై ఏళ్ళు, ఇంకో చోట ఎనభై అయిదేళ్ళు పట్టింది.

ఇంకా ఇంట్రెస్టింగ్ కథ సీఎస్ఐది, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. 1919 మే నెలలో తరంగంబాడిలో కొందరు పాదిరులు కూర్చుని, ఆంగ్లికన్లు వేరు, ప్రెస్బిటేరియన్లు వేరు అని ఇంగ్లండ్ గొడవలు మనకెందుకు, కలిసిపోదాం అనుకున్నారు. అందులో ముందున్నది దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య. మన తెలుగు నేల మీద పనిచేసిన మనిషి, ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్. కలవాలని అందరికీ ఉంది. రాసుకోవడానికి మాత్రం 28 ఏళ్ళు పట్టింది. పెద్ద చిక్కు ఏంటంటే, బిషప్ చేత అభిషేకం పొందని పాస్టర్లు కొత్త చర్చిలో మళ్ళీ అభిషేకం చేయించుకోవాలా, అక్కర్లేదా? చివరికి, ఇప్పటికే ఉన్నవాళ్ళు ఉన్నట్టే కొనసాగుతారు, ఇకమీదట అభిషేకం బిషప్పులే చేస్తారు, 30 ఏళ్ళ తర్వాత మళ్ళీ చూసుకుందాం అని రాసుకున్నారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో సీఎస్ఐ మొదలైంది. అజరయ్య గారు అది చూడలేదు, 1945 జనవరి 1న చనిపోయారు.

ఇందులో చాలామంది పట్టించుకోని ఒక డేట్ ఉంది. చర్చి మొదలైంది 27న. దాని ఆస్తులు చూసుకోవడానికి సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ అనే కంపెనీ రిజిస్టర్ అయింది 26న. ఒక్కరోజు ముందు! పాటలు, ఊరేగింపు, ఫొటోలు అన్నీ తర్వాత. స్థలం ఎవరి పేరు మీద ఉండాలో ముందు తేల్చుకున్నారు.

మా సత్యవేడు షెడ్డులో జరిగింది దీనికి ఉల్టా. మొదటి రెండేళ్ళు కానుకలు పోగేశారు. ఆడవాళ్ళు పిడికెడు బియ్యం తీశారు. తెలియనివాళ్ళకి, అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం పక్కన డబ్బాలో వేసి, నెలాఖరుకి సంఘానికి ఇస్తారు. మా అమ్మ డబ్బా ఇప్పటికీ స్టవ్ పక్కనే ఉంటుంది. అలా పోగైన డబ్బుతో ఎనిమిది సెంట్ల స్థలం కొన్నారు. సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి సంఘం పేరు మీద కొనడం కుదరలేదు. "మన పాస్టరయ్య పేరు మీద పెడదాం" అన్నారు. పెట్టారు. ఎవరి మనసులోనూ మోసం లేదు.

సరే, పాస్టర్‌గారు నూటికి నూరుపాళ్ళు మంచివాడే అనుకోండి. రేపు ఆయనకి ఏదైనా అయితే? వీలునామా లేకుండా పోతే ఆ స్థలం వారసులకి వెళ్తుంది. క్రైస్తవులకి వర్తించే ఇండియన్ సక్సెషన్ యాక్ట్ 1925 ప్రకారం భార్యకి మూడో వంతు, మిగతా రెండొంతులు పిల్లలకి. రికార్డుల్లో హిందువు అయితే 1956 హిందూ వారసత్వ చట్టం. ఏ చట్టమైనా సరే, పిడికెడు బియ్యం అనే కాలమ్ అందులో లేదు. పిల్లల్లో ఒకడికి అప్పులుంటే, సంతకం పెట్టనంటే, అరవై కుటుంబాలు కోర్టుకెళ్ళి ఆ డబ్బు తామిచ్చిందే అని సాక్ష్యాలు వెతుక్కోవాలి. వాట్సాప్ గ్రూప్‌కి ఒక్కడే అడ్మిన్, ఆ ఒక్కడి ఫోన్ పోయింది అనుకోండి. కొత్త గ్రూప్ చేసుకుంటాం, పోయిందేముంది. ఇక్కడ పోయేది ఎనిమిది సెంట్లు. శ్రీసిటీ వచ్చాక మా వైపు సెంటు రేటు ఎంతో ఎంక్వైరీ చేసి చూడండి, మీకే అర్థమవుతుంది.

అందుకే వరుస ఇదీ. ముందు సంఘాన్ని రిజిస్టర్ చేయాలి, తర్వాత పాస్టర్‌గారు సంఘం పేరు మీద రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ రాయాలి, ఇద్దరు సాక్షులతో. నోటి మాట, నోటరీ స్టాంపు ఇక్కడ చెల్లవు. స్టాంపు డ్యూటీ ఖర్చుంటుంది, దానికి సపరేట్‌గా డబ్బు పెట్టుకోండి. ఇంకొకటి, రాయలసీమ వాళ్ళకి ముఖ్యంగా. కొనేముందు అది డీకేటీ భూమా కాదా చూసుకోండి. ప్రభుత్వం పేదలకి పట్టా ఇచ్చిన భూముల అమ్మకాల మీద 1977 చట్టం ఆంక్షలు పెట్టింది, మధ్యలో సవరణలూ వచ్చాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబర్ ఉందా అని అడగండి. ఉంటే ఎంత బాగా బైలా రాసినా ఆ స్థలం మీ చేతికి రాదు. మాది పట్టా భూమే, బతికిపోయాం.

ఇప్పుడు, ఏ రూపంలో రిజిస్టర్ చేయాలి? మన దగ్గర ఎక్కువగా రెండు దారులు. ట్రస్ట్, సొసైటీ. ట్రస్ట్ ఈజీ. ఒక డీడ్ రాసి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించుకుంటే అయిపోతుంది. ట్రస్టీలు ఎవరో పెట్టేవాడే రాసుకుంటాడు, మెంబర్లు అనేవాళ్ళే ఉండరు, ఓట్లు ఉండవు. చాలా చోట్ల భర్త చైర్మన్, భార్య సెక్రటరీ, బావమరిది ట్రెజరర్. చట్టప్రకారం తప్పు లేదు. కానీ కానుక వేసే మనిషికి లెక్క అడిగే చోటు ఉండదు. మరీ అన్యాయం జరిగితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద, ఆసక్తి ఉన్న ఇద్దరు కోర్టు అనుమతి తీసుకుని కేసు వేయొచ్చు. చీరాల వెళ్ళి రావడానికే లీవు దొరకని మనకి ఆ దారి ఎంత దూరమో చూడండి.

సొసైటీ అంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001. కనీసం ఏడుగురు కావాలి. ఆ చట్టం ఒప్పుకునే ఉద్దేశాల్లో మతం అనే మాట కూడా ఉంది. మెమోరాండం, బైలా అని రెండు కాగితాలు. మెమోరాండంలో పేరు, అడ్రసు, ఉద్దేశాలు, మొదటి కమిటీ. బైలాలో మిగతా సంసారం అంతా. రిజిస్టర్ అయ్యాక సంఘానికి చట్టం ముందు సొంత ఉనికి వస్తుంది. ఆస్తి కొనొచ్చు, కేసు వేయొచ్చు, మనుషులు మారినా అది అలాగే ఉంటుంది. కమిటీకీ మెంబర్లకీ గొడవొస్తే 23వ సెక్షన్ ప్రకారం మధ్యవర్తిత్వానికైనా పోవచ్చు, జిల్లా కోర్టుకైనా పోవచ్చు. పెద్దల ముందు నేను ట్రస్టా సొసైటీయా అని రెండూ పెడితే, ఎక్కువసేపు ఆలోచించకుండా సొసైటీ అన్నారు. పాస్టర్‌గారు ఏమీ అనలేదు. ఆయన సంగతికి వస్తా.

అసలు కష్టం ఏడుగురు సంతకాల దగ్గర వచ్చింది. ఆదివారం షెడ్డులో రెండొందల మంది ఉంటారు. సంతకం పెట్టండి అంటే సగం మంది చెప్పుల వైపు చూస్తున్నారు. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. మా అమ్మ ఇంటికొచ్చాక చెప్పింది.

1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా ఒకటి ఉంది. హిందువు కాని మనిషిని ఎస్సీగా లెక్కించరు అని. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళని బీసీ-సీలో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఈ విషయం మీద 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2025లో మన హైకోర్టు ఒక పాస్టర్ కేసులో, మతం మారిన వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం రక్షణ రాదని చెప్పింది. సత్యవేడు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. మా షెడ్డులో కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు. కొడుకు స్కాలర్‌షిప్, కూతురు హాస్టల్ సీటు, ఊళ్ళో ఎవడైనా కొడితే పెట్టే కేసు, అన్నీ ఆ ఒక్క సర్టిఫికెట్ మీద ఉన్నాయి. "సభ్యులు" అనే రిజిస్టర్‌లో పేరు రాస్తామంటే భయపడరా?

దీన్ని ఎలా చూడాలో ఒక్కొక్కరిది ఒక్కో మాట. ఆ ఉత్తర్వే అన్యాయం అనేవాళ్ళున్నారు, కరెక్టే అనేవాళ్ళున్నారు. నాకైతే, కులం మతంతో పాటు ఊడిపోదని మా ఊరి టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది అనిపిస్తుంది. కానీ బైలా రాసేవాడిగా నా పని వేరే. ఎవరి పేరూ వాళ్ళకి తెలియకుండా ఏ లిస్టులోనూ రాయకూడదు. కమిటీ లిస్టు ఏటా రిజిస్ట్రార్‌కి వెళ్తుంది, అది పబ్లిక్ రికార్డు, అది సంతకానికి ముందే చెప్పాలి. ఆరాధనకి రావడం వేరు, ఓటు హక్కున్న సభ్యత్వం వేరు అని బైలాలో విడివిడిగా రాయాలి. షెడ్డులోకి రావడానికి ఎవరికీ సభ్యత్వం అడగకూడదు. అబద్ధం రాయమని మాత్రం నేను చెప్పను. అది రేపు వాళ్ళ పిల్లల మెడకే చుట్టుకుంటుంది. ఈ ఒక్క పేరా మీద మూడు ఆదివారాలు మాట్లాడుకున్నాం. టెంప్లేట్‌లో ఇది ఎందుకు లేదో ఇప్పుడు తెలుస్తోంది కదా.

టెంప్లేట్‌లో ఉన్నది ఇంకొకటి తీసేయాల్సొచ్చింది. కుటుంబానికి ఒక ఓటు, అది ఇంటి పెద్దది. హ్యూస్టన్ ఎక్కడ అని అడిగిన పెద్దమ్మే మళ్ళీ లేచింది. "మా ఇంటి పెద్ద యేటికి రెండుసార్లు వస్తాడు, క్రిస్మస్‌కొకసారి, ఈస్టర్‌కొకసారి. బియ్యం నేనేస్తా, ఓటు ఆయనేస్తాడా?" ఇక చర్చ అవసరం రాలేదు. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి సభ్యురాలికీ సభ్యుడికీ ఒక ఓటు. కమిటీ తొమ్మిదిమందిలో కనీసం నలుగురు ఆడవాళ్ళు. కోరం కూడా జాగ్రత్తగా పెట్టాం. శ్రీసిటీలో షిఫ్టులు ఉంటాయి, సగం మంది రావాలి అని రాస్తే ఏ మీటింగూ జరగదు. మూడో వంతు అని రాశాం, నోటీసు పద్నాలుగు రోజుల ముందు, షెడ్డు గోడ మీదా వాట్సాప్‌లోనూ.

ఇప్పుడు పాస్టర్‌గారి విషయం. బైలాలో చాలామంది రాయడానికి భయపడే క్లాజు ఇది. ఆయన్ని ఎవరు పెడతారు, ఎవరు తీస్తారు, ఆయన కమిటీకి అధ్యక్షుడా లేక కమిటీ కింద పనిచేసే సేవకుడా? బోధన ఆయన చేతిలో, డబ్బు కమిటీ చేతిలో అని నేను డ్రాఫ్ట్‌లో రాశా. బ్యాంకు అకౌంట్‌కి ముగ్గురిలో ఇద్దరి సంతకం, ఆ ముగ్గురిలో ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు ఉండకూడదు. యూపీఐ క్యూఆర్ కోడ్ సంఘం అకౌంట్‌కే ఉండాలి. మీ చర్చిలో గోడ మీద అతికించిన క్యూఆర్ ఈ ఆదివారం ఒకసారి స్కాన్ చేసి చూడండి, ఏ పేరు వస్తుందో.

నేను చదవడం అయిపోయింది. పాస్టర్‌గారు చాలాసేపు నేల వైపే చూస్తూ కూర్చున్నారు. నాకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది, కరెక్టుగా పట్టుకున్నా అని. అప్పుడాయన మెల్లగా అడిగారు. "అంతా బాగుంది తమ్ముడూ. నేను పోయినాక మా ఆవిడ యాడుండాల?"

ఆయన కుటుంబం ఉండేది ఆ స్థలంలో వేసిన ఒక గదిలోనే. ముందు శ్రీసిటీలో సెక్యూరిటీ పని చేసేవారు, సంఘం పెరిగాక అది మానేశారు. అక్కడ కట్ అయ్యే పీఎఫ్ కూడా ఆగిపోయింది. ఇరవై మంది ఉద్యోగులు లేని చోట పీఎఫ్ తప్పనిసరి కాదు, చిన్న చర్చికి ఎక్కడుంటుంది. ఆ గది, ఆ స్థలం కాగితం, ఆయనకున్న ధీమా అంతే. దాన్ని సంఘానికి రాసిచ్చేయమని మేం అడుగుతున్నాం. నేను రాసిన పేజీల్లో ఆయన్ని ఎలా తీసేయాలో ఉంది గానీ, ఆయన ఎలా బతకాలో లేదు. నా తప్పది. బైలా రాసేటప్పుడు దొంగని ఊహించుకుని రాశా, ఎదురుగా కూర్చున్న మనిషిని చూడలేదు.

దానికోసం కొత్తగా ఒక అధ్యాయం చేర్చాం. పాస్టర్‌గారి పేరు మీద ఎన్‌పీఎస్ అకౌంట్, నెలనెలా సంఘం కొంత వేస్తుంది. ఆయన చనిపోతే కుటుంబం ఏడాది పాటు ఆ గదిలోనే ఉండొచ్చు, ఆ ఏడాదీ సగం జీతం ఇవ్వాలి. తీసేయాలంటే ఆరోపణలు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆయన జవాబు వినాలి, జనరల్ బాడీలో మూడింట రెండొంతుల ఓటు రావాలి. ఇదంతా మైకులో చదివాక ఆయన గిఫ్ట్ డీడ్‌కి ఒప్పుకున్నారు.

పెళ్ళిళ్ళ గురించి ఒక మాట, ఇది యూత్‌కి డైరెక్ట్‌గా సంబంధించింది. సొసైటీ రిజిస్టర్ అయింది కదా అని పాస్టర్‌గారు పెళ్ళిళ్ళు చేసేయొచ్చు అనుకోకండి. ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ యాక్ట్ 1872 ప్రకారం బిషప్ అభిషేకం పొందినవాళ్ళో, ప్రభుత్వం లైసెన్సు ఇచ్చినవాళ్ళో, మ్యారేజ్ రిజిస్ట్రారో, అలా చట్టం చెప్పినవాళ్ళే చేయాలి. స్వతంత్ర సంఘం పాస్టర్‌కి లైసెన్సు కావాలి. అధికారం లేకుండా చేస్తే 68వ సెక్షన్ కింద పదేళ్ళ దాకా జైలు. అవును, పదేళ్ళు. రేపు వీసాకో, పాస్‌పోర్ట్‌లో భార్య పేరుకో సర్టిఫికెట్ పెట్టినప్పుడు ఈ సంగతి బయటపడుతుంది. లైసెన్సు వచ్చేదాకా పెళ్ళిళ్ళు లైసెన్సున్న వేరే పాస్టర్ చేత జరగాలని మా బైలాలో ఉంది.

డబ్బు సంగతి ఫాస్ట్‌గా. ఆదాయపు పన్ను మినహాయింపుకి విడిగా అప్లై చేయాలి, రిజిస్ట్రేషన్‌తో పాటు ఆటోమేటిక్‌గా రాదు. దాతలకి పన్ను తగ్గించే 80జీ అని అందరూ పిలిచేది పూర్తిగా మతపరమైన సంస్థకి దొరకదు. విదేశీ డబ్బుకి ఎఫ్‌సీఆర్‌ఏ. మామూలు రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్ళు పనిచేసి ఉండాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ అకౌంట్‌లోకే రావాలి. "మా మామ డల్లాస్ నుంచి పంపిస్తాడు" అంటారు కదా. మామ దగ్గర ఇంకా ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే అది విదేశీ డబ్బు కాదు. అమెరికా సిటిజన్ అయిపోయి ఉంటే విదేశీ డబ్బే, మామ అయినా సరే.

ఇక అన్నిటికంటే ఎక్కువ గొడవలు పుట్టించేది, బైలాని మార్చే క్లాజు. ఇందాక చెప్పిన సీఎస్ఐ ఉంది కదా, 28 ఏళ్ళు కూర్చుని రాసుకున్న చర్చి. 2022లో బిషప్పుల రిటైర్మెంట్ వయసు 67 నుంచి 70కి పెంచుతూ సవరణ చేశారు. దాన్ని డయోసిస్‌లు సరైన పద్ధతిలో ఆమోదించాయా లేదా అని కేసు పడింది. మద్రాసు హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా పోయింది. మూడేళ్ళ వయసు తేడా కోసం! అంత పెద్ద లాయర్లున్న చర్చికే ఆ పరిస్థితి. మేం ఇలా రాశాం: సవరణ కాగితం తెలుగులో నెల ముందు గోడ మీద పెట్టాలి. రెండు వేరువేరు మీటింగుల్లో, మధ్యలో కనీసం ముప్ఫై రోజుల గ్యాప్‌తో, మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. ఎవరి పదవీకాలం పెంచే సవరణ అయినా ఇప్పుడున్నవాళ్ళకి వర్తించదు, తర్వాత ఎన్నికయ్యేవాళ్ళకే. ఈ చివరి లైను ఎక్కడా కాపీ కొట్టింది కాదు, సీఎస్ఐ కేసు చదివాక రాసుకున్నా. మూసేయాల్సొస్తే మిగిలిన ఆస్తి సభ్యులు పంచుకోవడానికి లేదు, అలాంటి ఉద్దేశమే ఉన్న ఇంకో సంస్థకి పోవాలని కూడా రాసి పెట్టుకోండి.

ఇప్పుడు ఎక్కడున్నామంటే, మొదటిసారి అప్లికేషన్ తిరిగొచ్చింది. మేం పెట్టిన పేరుతో ఇంకో సొసైటీ ముందే ఉందట. పేరు మార్చడానికి మళ్ళీ ఒక ఆదివారం పోయింది, మూడు పేర్లకి చేతులెత్తించి లెక్కపెట్టాం. రెండోసారి కాగితాలు లోపలున్నాయి. అవి వచ్చాక గిఫ్ట్ డీడ్. ఏడు సంతకాల్లో ఆరోది మా అమ్మది. పెట్టేముందు రెండుసార్లు చదివించుకుంది, ఏటా లెక్కలు మైకులో చదవాలి అన్న లైను దగ్గర ఆపి, "ఏ నెలలో?" అని అడిగింది. నేను రాయలేదు. ఏప్రిల్ అని పెన్నుతో చేర్చి, పక్కన ఏడుగురి చేతా ఇనీషియల్స్ పెట్టించా.

గిఫ్ట్ డీడ్ అయ్యాక, ఖర్చెంత వచ్చింది, ఆఫీసులో ఎన్నిసార్లు తిరిగాం, అన్నీ ఇంకో ఎపిసోడ్‌లో చెప్తా. బై.